సగం బావి

9 మార్చి 2003

మునిసిపాలిటీ కుళాయి పదమూడు రోజులకు ఇవాళ పొద్దున వచ్చింది. నలభై రెండు నిమిషాలు. మొదటి ఆరు నిమిషాలు గాలి, తర్వాత మూడు నిమిషాలు తుప్పు, మిగిలింది నీళ్ళు. ఇరవై ఆరు బిందెలు పట్టాం. వసంతి ఇరవై ఏడంటుంది. నా కోడలి లెక్కలో సగం నిండినదీ బిందెనే.

విరుదునగర్‌లో వాళ్ళ నాన్నగారింట్లో బోరు ఉంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఈ సంగతి నా చెవిన పడకుండా గడిచిన వారం లేదు. ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళట. మీట నొక్కితే వాటంతటవే మేడ మీదికి పోతాయట. విరుదునగర్‌లో పరోటాను నూనెలో ముంచి వేయిస్తారు. నీళ్ళను కూడా అట్లాగే దేంట్లోనో ముంచి తీస్తారేమో.

రాఘవేంద్రన్ అన్నం తింటూ మనమూ ఒక బోరు వేసుకుందామన్నాడు. నా కొడుకు అగ్గిపెట్టెల కంపెనీలో మేనేజరు. అక్కడ మూడు వందల మంది అతని మాట వింటారు. ఇంట్లో అతను వసంతి మాటను నాకు చేరవేస్తాడు. ఆలోచిస్తానన్నాను.

ఈ కొత్త నోటుపుస్తకాన్ని బల్లమీద తెరిచి పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి వసంతి దాన్ని చూస్తూ, "ఏంటత్తా, పేజీ నిండా జిలేబీలు చుట్టిండారు?" అంది. మనవరాలితో కలిపి ఈ ఇంట్లో తెలుగు మాట్లాడే నోళ్ళు నాలుగు, చదివే కళ్ళు రెండే. మా నాన్న నాకీ అక్షరాలు నేర్పి చేసిన మేలు ఇది. తాళంచెవి దాచుకునే పని లేదు.

12 మార్చి

జానకి ఇవాళ పద్నాలుగు చేదలు తోడింది. నేను పదహారు. బావిలో నీళ్ళు ఏడడుగులు.

కొత్త పుస్తకం కాబట్టి నిబంధన మళ్ళీ రాసి పెడుతున్నాను. 1986లో ఇల్లు పంచినప్పుడు పెద్దలు గీతను తిన్నగా గీశారు. ఆ గీత బావి మధ్యనుంచి పోయింది. గీతను వంచడానికి ఎవరికీ మనసు రాలేదు. బావి మీద రాతి దూలం వేసి, దూలం మీద గోడ కట్టారు. సగం నోరు మాకు, సగం నోరు నా తోడికోడలు జానకియమ్మాళ్‌కు. ఇటొక గిలక, అటొక గిలక. కింద నీళ్ళు మాత్రం ఒకటే. వాటిని పంచే పెద్దమనిషి ఇంకా పుట్టలేదు. అందుకని ఎండాకాలంలో ఇంటికి రోజుకు ఇరవై చేదలని హద్దు పెట్టారు.

హద్దు ఉంటే ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన దాన్ని నేనే కాబట్టి నేను పెడుతున్నాను. జానకి తన గిలకకు నూనె వేయదు. అది కీచుమంటుంది. నేను ఇంట్లో ఏ మూల కూర్చున్నా లెక్క తప్పదు. మా గిలకకు మాత్రం ప్రతి శుక్రవారం నూనె వేస్తాను. మన ఇంటి సంగతి మరొకరికి ఎందుకు వినపడాలి.

పదిహేడేళ్ళలో ఆవిడ ఒక్కరోజు కూడా ఇరవై దాటలేదు. దాటితే అడగడానికి నా దగ్గర మాట సిద్ధంగా ఉంది.

మాటలు లేక కూడా పదిహేడేళ్ళే. నా భర్త పోయినప్పుడు ఆవిడ వచ్చింది. మరిది పోయినప్పుడు నేను వెళ్ళాను. రెండుసార్లూ ఇద్దరం చక్కగా ఏడ్చాం, ఒకరితో ఒకరం మాట్లాడలేదు. ఒక ఇత్తడి బిందె దగ్గర ఆగిపోయిన మాట అది. మా అత్తగారు సీనియమ్మాళ్ బిందెలు పన్నెండు ఉండాలి. పంపకం రోజు పదకొండే ఉన్నాయి. పన్నెండోది జానకి వద్ద ఉందని నేను లెక్కలో రాసి, పెద్దల ముందు చదివాను. తీసుకోలేదని ఆవిడ ఒకసారి అంది. లెక్క అబద్ధం చెప్పదని నేను ఒకసారి అన్నాను. నా వాటాకు ఆరు బిందెలు, ఆవిడ వాటాకు ఐదు. అంతే.

ఇవన్నీ పాత విషయాలు. నిబంధన కోసం రాశాను.

20 మార్చి

బోరుకు ఒప్పుకున్నాను. వసంతి మాట నెగ్గిందని వసంతి అనుకుంటోంది. అనుకోనీ.

27 మార్చి

నీళ్ళు చూడడానికి అళగర్‌సామి వచ్చాడు. కయత్తారు దగ్గర ఏదో ఊరు. ఆ ఊళ్ళో నీళ్ళు లేవు, ఉన్నది గాలి ఒక్కటే. దాన్ని గాలిమరల కంపెనీలు తీసుకుంటున్నాయి. తన ఊరికి నీళ్ళు కనిపెట్టలేని మనిషి మన ఊరికి వచ్చి కనిపెట్టడం న్యాయమే. దూరపు భూమి బాగా కనిపిస్తుంది.

అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పెరడంతా తిరిగాడు. రెండు చోట్ల కొబ్బరికాయ లేచి నిలబడింది. ఒకటి ఆగ్నేయ మూల, నా పాత బడి రిజిస్టర్లున్న కొట్టం కింద. రెండోది బావికి ఎనిమిదడుగుల దూరంలో. మొదటి చోటే బలమైన ఊట అన్నాడు. రెండో చోట నీళ్ళుంటాయి గానీ బావికి మరీ దగ్గర, పక్కింటివాళ్ళతో ఒక మాట చెప్పి చేయండి అన్నాడు.

కొబ్బరికాయకు ఊట తెలుస్తుంది, పక్కింటివాళ్ళు కూడా తెలుస్తారా అని అడిగాను. నవ్వి కొబ్బరికాయ సంచిలో వేసుకున్నాడు.

రెండో చోటే ఖాయం చేశాను. కొట్టం పీకనక్కర్లేదు. ట్యాంకుకు పైపు పొడవు ఇరవై రెండడుగులు తగ్గుతుంది. ఇంతకంటే కారణం ఎవరికైనా ఎందుకు.

రాఘవేంద్రన్ మెల్లగా, "అమ్మా, సిన్నమ్మకు ఒక మాట చెప్పాల కదా," అన్నాడు. చెప్పాలంటే మాట్లాడాలి అన్నాను.

28 మార్చి

జానకి పదిహేను. కొట్టం గురించే నా ఆలోచనంతా. వేరే ఏమీ లేదు.

3 ఏప్రిల్

రిగ్గు లారీ పొద్దున ఏడుకు వచ్చింది. సాయంత్రం నాలుగు వరకు కోవిల్‌పట్టి మొత్తానికి మా ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసింది. ఇరవై అడుగుల వరకు నల్లమట్టి, గులకమట్టి. తర్వాత రాయి. రాతిపొడి పొగలాగా లేచి గోడ మీదినుంచి అటువైపు పోయింది. గాలి అటు వీస్తుంటే నేనేం చేయను.

ఇరవై అడుగుల దగ్గర మేస్త్రి రిగ్గు ఆపించి నా దగ్గరికి వచ్చాడు. పై రాయంతా పగుళ్ళుగా ఉందట. కేసింగ్ పైపు నలభై అడుగుల దాకా దింపాలట. లేకపోతే బావి ఊట ఆ పగుళ్ళలోంచి బోరులోకి జారిపోతుందట. "బావి ఎండిపోతుందమ్మా, తర్వాత నన్ను అడగకూడదు," అని అరవంలో రెండుసార్లు చెప్పాడు.

రాయి ఇరవై దగ్గర మొదలైంది కాబట్టి పైపూ ఇరవై చాలన్నాను. బావిలో నాది సగమే. సగం బావికోసం నలభై అడుగుల పైపు వేయించే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

నాలుగు వందల పది అడుగుల దగ్గర ఆపాం. నీళ్ళు లేచాయి. వసంతి పసుపు కుంకుమ వేసి దండం పెట్టింది. రిగ్గు వాళ్ళకు తలా ఒక పొట్లం కడల మిఠాయి, మా ఊరి వేరుశనగ చిక్కీ, ఇచ్చాను. వాళ్ళు అడిగింది వేరే ఏదో. అది మా ఇంట్లో దొరకదు.

4 ఏప్రిల్

నిన్నటి పొడి జానకి ఆరేసిన చీరల మీద పడినట్టుంది. ఇవాళ ఇరవై మూడు చేదలు తోడింది. హద్దు దాటడం ఇదే మొదలు. రాసుకున్నాను. అడగలేదు.

10 ఏప్రిల్

మోటారు బిగించి వారమవుతోంది. మేడ మీద ట్యాంకు, వంటింట్లో కుళాయి, స్నానాల గదిలో కుళాయి. నీళ్ళు అచ్చం మన బావి నీళ్ళలాగే తియ్యగా ఉన్నాయి.

విరుదునగర్ నుంచి సంబంధి గారు, వసంతి నాన్న, స్వయంగా చూడడానికి వచ్చారు. రాఘవేంద్రన్ వెండి గ్లాసులో నీళ్ళిచ్చాడు. ఆయన తాగి, గ్లాసులోకి చూసి, మళ్ళీ తాగి, ఇవి మా నీళ్ళకంటే బాగుండాయి అన్నారు. తొమ్మిదేళ్ళలో విరుదునగర్ ఓడిపోవడం ఇదే మొదటిసారి. వసంతికి సంతోషించాలో వద్దో తెలియలేదు. నాకు తెలిసింది. ఇంకో గ్లాసు పోయించాను.

జానకి పదకొండు.

13 ఏప్రిల్

జానకి తొమ్మిది. ఏ రెండు చేదలకీ మధ్య నూరు లెక్కపెట్టేంత ఎడం. నీళ్ళు ఊరేదాకా ఆగి తోడుతోంది.

14 ఏప్రిల్

వర్షపిరప్పు, అరవ సంవత్సరాది. బెల్లంతో వేపపువ్వు పచ్చడి చేశాం. జానకి నాలుగు.

15 ఏప్రిల్

పొద్దున అటు గిలక ఒకసారి కీచుమంది. చేద రాయికి తగిలిన చప్పుడు. మళ్ళీ గిలక. తర్వాత ఏమీ లేదు.

జానకి ఒకటి. అదీ లెక్కలోకి రాదు, ఖాళీది.

16 ఏప్రిల్

ఇవాళ వసంతి పొద్దున ఎనిమిదికి పెట్టిన కందిపప్పు పదిన్నరకూ ఉడకలేదు. గింజ గింజగా ఎవరికి వాళ్ళం అన్నట్టుంది. సబ్బు నురగ రావడం లేదు. నోట్లో పోసుకుంటే నాలుక మీద సున్నం. పప్పు మంచిది కాదని వసంతి అంది. అదే పప్పు, అదే కుండ, అదే కోడలు. మారింది నీళ్ళు.

తాడుకు రాయి కట్టి బావి కొలిచాను. ఏడడుగులున్న చోట బురద.

కాగితం మీద లెక్క వేశాను. పన్నెండు రోజులు మేము నాలుగు వందల పది అడుగుల కిందికి పైపు దింపి, మోటారు పెట్టి, కరెంటు పోసి పైకి తెచ్చుకున్నది మన బావి నీళ్ళే. సంబంధి గారు రెండు గ్లాసులు తాగి మెచ్చుకున్నది కూడా అవే. బావి అయిపోయింది, ఇప్పుడు రాతి నీళ్ళు వస్తున్నాయి. ఎనిమిదడుగుల దూరంలో ఉన్న నీళ్ళను నాలుగు వందల అడుగులు తిప్పి తాగిన ఇల్లు జిల్లాలో ఇదొక్కటే అయి ఉంటుంది.

మేస్త్రి గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఏదో గొణిగాడు. రిగ్గు చప్పుడులో నాకు సరిగా వినపడలేదు.

19 ఏప్రిల్

వడియాలు ఎండాయా అని చూడడానికి మేడ ఎక్కాను. వడియాలు పెట్టలేదని పైకి వెళ్ళాక గుర్తొచ్చింది. వెళ్ళాను కదా అని వీధి చూశాను.

లారీ నీళ్ళ దగ్గర వరస. జానకి పదకొండో మనిషి. అరవై మూడేళ్ళు, ఎడమ మోకాలు వంగదు. రెండు ప్లాస్టిక్ బిందెలు. ఒకటి నడుం మీద పెట్టుకుని వెళ్ళి, దించి, వచ్చి రెండోది తీసుకెళ్ళింది. లారీ దగ్గరనుంచి ఆవిడ గుమ్మానికి నూట ఎనభై అడుగులు. మధ్యలో మూడుచోట్ల ఆగింది. ఆవిడ కూతురు ఏళాయిరంపన్నై నుంచి రావచ్చు కదా. రాదు. ఆ ఊళ్ళో ఈ కాలంలో బాణసంచా పని ముమ్మరం.

ఆవిడ మన గుమ్మం దాటుతున్నప్పుడు ఇటు చూడలేదు. చూస్తే నేను కనపడేదాన్ని కాదు, పిట్టగోడ అడ్డం ఉంది.

20 ఏప్రిల్

మేడ. బిందెలు రెండు. నాలుగుచోట్ల ఆగింది.

21 ఏప్రిల్

బిందెలు రెండు. నాలుగుచోట్ల.

24 ఏప్రిల్

పూడిక తీయిస్తే ఊట తెరుచుకుంటుందేమోనని రాఘవేంద్రన్ అన్నాడు. ఉమ్మడి బావి కాబట్టి అటు అనుమతి కావాలి. అతనే వెళ్ళి అడిగి వచ్చాడు. సిన్నమ్మ సరే అంది, కాఫీ కూడా ఇచ్చింది అన్నాడు. కాఫీ ఏ నీళ్ళతో పెట్టింది అని అడగబోయి ఆగాను.

ఇసక్కి మన పక్కనుంచి తాడు పట్టుకుని దిగాడు. బావి తవ్వడం, పూడిక తీయడం వాళ్ళ ఇంటి పని. వాళ్ళ తాత ఈ బావి తవ్వాడు. ముప్పై ఎనిమిది అడుగుల కిందనుంచి అతను మాట్లాడితే గొంతు రెండు ఇళ్ళకూ సమానంగా పంచినట్టు వస్తుంది. పెద్దలు అతన్ని పిలిచి ఉండాల్సింది.

మొదట బురద. తర్వాత మూడు స్టీలు గ్లాసులు, రాఘవేంద్రన్ చిన్నప్పటి బొంగరం, మాది కాదని ఇద్దరమూ మనసులో అనుకునే ఒక చెప్పు. ప్రతిదాన్నీ కిందనుంచి చాటుతూ తట్టలో పంపాడు.

తర్వాత అన్నాడు, "అమ్మా, ఇత్తడి కుడం ఒకటి ఉంది. పేరు చెక్కి ఉంది. సీ, ని, య, మ్మా." అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

అటు పక్క ఎవరో గట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డ అలికిడి.

"మెడకు పచ్చ నైలాన్ తాడు కట్టి ఉందమ్మా. చుట్టంతా ఉంది. ఏ పక్క పంపేది?"

పచ్చ నైలాన్ తాడు ఈ బావిలో నేనొక్కదాన్నే వాడాను. జానకి చేతులు కోసుకుంటాయని కొబ్బరి తాడే వాడేది. పంపకానికి ముందూ అంతే, ఇప్పటికీ అంతే.

ఇసక్కి మళ్ళీ అడిగాడు. తట్ట మన వైపు ఉంది కాబట్టి మన వైపే పంపాడు.

ఊట తెరుచుకోలేదు. అడుగున రెండు ఇళ్ళ గిలకలకీ అందేటట్టు ఒక గుంట తవ్వి వెళ్ళాడు.

25 ఏప్రిల్

రాయడానికి ఏమీ లేదు.

26 ఏప్రిల్

బిందెను చింతపండు వేసి తోమాను. ఇత్తడి ఎంత నిలిచిందో చూడడానికి. బాగా నిలిచింది. నడుం దగ్గర చిన్న సొట్ట.

రాఘవేంద్రన్ కంపెనీకి వెళ్ళకుండా వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఎందుకు వెళ్ళలేదంటే తలనొప్పి అన్నాడు. తర్వాత, తలనొప్పి లేదు, ఆ కుడం నేనే పడేస్తిని అన్నాడు.

అత్తగారు పోయిన నెల అది. అతనికి పదిహేడేళ్ళు. ముడి సరిగా వేయక తోడుతుంటే తాడు కొస గిలకలోంచి జారి బిందెతోపాటు లోపలికి పోయిందట. తాడు పోయింది నాకెందుకు తెలియలేదని అడిగాను.

"అదే రంగు తాడు కొని వేస్తిని. నువ్వు కొలుస్తావని ముందే తెలుసును, పాత తాడు ఎంత పొడుగో అంతే కోయించినా. కుడం కొనేదానికి నా చేత కాలేదు."

తాడు కొలిచాను, నిజమే. తొంభై అడుగులు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉందని రాసుకున్నాను కూడా.

పెద్దల ముందు నేను చదివినప్పుడు నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు కదా అన్నాను. ఉన్నానన్నాడు. చెప్పలేదేం అన్నాను.

నా కొడుకు గడప వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు రాసేసినావమ్మా. రాసినాక నువ్వు మార్చవు కదా."

వసంతి పొయ్యి దగ్గర ఉంది. తొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో మొదటిసారి ఆమె విరుదునగర్‌ను తలవకుండా ఒక పూట గడిపింది.

ఆ లెక్కలో నా తప్పు లేదు. ఇచ్చిన సంఖ్యలను బట్టి కూడిక సరే.

28 ఏప్రిల్

పడేసినవాడే ఇవ్వాలి కాబట్టి బిందె రాఘవేంద్రన్ చేతికిచ్చి పంపాను. జరిగింది వాడే చెప్పాలి. అది న్యాయం.

పావుగంటలో బిందెతోనే తిరిగొచ్చాడు. అంతా చెప్పాడట. సిన్నమ్మ విని, నవ్వి, అతని తల నిమిరిందట. అప్పుడు చిన్నబిడ్డవు, భయపడినావు, పోనీ అందట. బిందె మాత్రం ముట్టుకోలేదట.

ఏమందని అడిగాను. చెప్పడానికి సందేహించాడు.

"పడేసినోడు తెస్తే నాకెందుకు. రాసినామె తెచ్చి ఇవ్వాల, అనింది."

పొగరు. రెండు బిందెల నీళ్ళకు నాలుగుచోట్ల ఆగే మనిషికి ఇంత పొగరు.

29 ఏప్రిల్

బిందె దేవుడి గది పక్కన పెట్టాను. వేరే చోటు లేదు.

3 మే

రేపటినుంచి కత్తిరి ఎండలు. బిందెలు రెండు. ఐదుచోట్ల. లారీ రెండు రోజులకొకసారి అవుతోంది.

5 మే

ట్యాంకు నిండితే నీళ్ళు పైపులోంచి పొర్లి పెరట్లో పడుతున్నాయి. పెరడు పాచి పడుతుంది. పొర్లే నీళ్ళు ఎక్కడో ఒకచోటికి పోవాలి. దగ్గరలో ఉన్న పల్లం బావి. పైపుకు రబ్బరు గొట్టం తగిలించి కొస బావిలో వేశాను. కేవలం పాచి కోసం.

మధ్యాహ్నం కొలిస్తే గుంట నిండింది. సాయంత్రం కొలిస్తే సగం. బావిలో పోసింది పగుళ్ళలోంచి మళ్ళీ బోరులోకే పోతోంది, బోరులోంచి మళ్ళీ ట్యాంకుకు. ఇట్లాంటి లెక్కలు బడిలో చెప్పేదాన్ని. ఒక గొట్టం నింపుతుంది, ఒక గొట్టం ఖాళీ చేస్తుంది, తొట్టి ఎప్పుడు నిండును. పిల్లలు అడిగేవాళ్ళు, తెలివైన వాళ్ళెవరైనా అట్లా చేస్తారా టీచర్ అని.

6 మే

మోటారు పొద్దున ఆరుకు వేస్తే గుంట నిండడానికి ఇరవై నిమిషాలు. జానకి ఒకప్పుడు తోడేది ఆరున్నరకు. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదు.

గిలక చప్పుడు లేదు.

7 మే

లేదు.

8 మే

లేదు. వసంతి వచ్చి గొట్టం చూసి, బావి చూసి, నన్ను చూసింది. "అత్తా, ట్యాంకు నిండనే లేదే, గొట్టంలో నీళ్ళెట్ల వస్తాయి?" అంది. గేటు వాల్వు పాడయిందన్నాను. బాగుచేయించాలా అంది. తొందరేం లేదన్నాను. ఆమె సరేనంది, పోతూ పోతూ వాల్వును ఇంకో చుట్టు తెరిచి పోయింది. విరుదునగర్ పిల్లలు పైకి కనిపించినంత మందబుద్ధులు కారు.

9 మే

ఆరుంపావు దాటి పందొమ్మిది నిమిషాలకు కీచుమంది.

నాలుగు చేదలు.

మేడ ఎక్కలేదు. మోకాళ్ళు నొప్పి.

12 మే

జానకి ఎనిమిది. వాల్వు నష్టం రోజుకు ఇరవై చేదల చొప్పున రాస్తున్నాను. 'ఆవిరి' అనే పద్దు కింద.

15 మే

పొద్దున గట్టు దగ్గర గొట్టం సర్దుతున్నాను. అటు ఎనిమిదో చేద పైకి వచ్చింది. గిలక ఆగింది. నీళ్ళు బిందెలో పోసిన చప్పుడు రాలేదు.

"అక్కా."

గొట్టం చేతిలోనే ఉంది. నా చీర తడిసింది.

"ఈ నీళ్ళలో పప్పు ఉడకడంలే."

పదిహేడేళ్ళ తర్వాత ఫిర్యాదుతో మొదలుపెట్టింది. నాకు చాలా ఊరట కలిగింది. ఇంకేదైనా అని ఉంటే నేను ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

"ముందురోజే నానబెట్టాల. నువ్వు కాపురానికి వచ్చిన వారమే చెప్పిండాను," అన్నాను.

"చెప్పి నలభై ఏండ్లయింది. ఎవరికి జ్ఞాపకం. వచ్చి మళ్ళీ ఒకసారి చెప్పి పో."

నీళ్ళు బిందెలో పోసుకుంది. వెళ్తూ, "వస్తే వట్టి చేతులతో రావద్దు," అంది.

16 మే

రేపు శనివారం. శనివారం మంచి పనులు మొదలుపెట్టకూడదంటారు. ఆదివారం ఎండ ఎక్కువ. సోమవారం వసంతికి పని ఉంటుంది. ఇట్లా చూస్తూ పోతే రోజు దొరకదు.

17 మే

మన గుమ్మం నుంచి ఆవిడ గుమ్మానికి నలభై మూడు అడుగులు. నడుం మీద బిందె, చంకలో 1986 లెక్కల పుస్తకం. వీధిలో ఇద్దరు చూశారు. చూడనీ.

జానకి అరుగు మీద కూర్చుని కందిపప్పు చేటలో చెరుగుతోంది. లేవలేదు. బిందె ఆవిడ ముందు పెట్టాను. సొట్టను వేలితో తడిమింది. ఇది పడినప్పుడు వచ్చిన సొట్టా, ముందునుంచీ ఉందా అని అడిగింది. ముందు లేదన్నాను. సరే అంది.

పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. అందులో అరవంలోనే రాశాను కాబట్టి ఆవిడ చదవగలదు. 'ఒకటి జానకియమ్మాళ్ వద్ద' అన్న మాటను ఆవిడ ఎదుటే కొట్టేసి, కింద రాశాను: బావిలో పడింది. జానకియమ్మాళ్ తీసుకోలేదు. రాసింది నా తప్పు. సంతకం పెట్టాను.

జానకి పుస్తకం దూరంగా పట్టుకుని మెల్లగా చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత నాకు తిరిగిచ్చి, "తేదీ వేయలేదే అక్కా," అంది.

ముప్పై నాలుగేళ్ళలో తేదీ లేకుండా నేను ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. తేదీ వేశాను.

కేసింగ్ పైపు సంగతి కూడా చెప్పాను. మేస్త్రి రెండుసార్లు చెప్పాడని, నాకు వినపడిందని. ఆవిడ చేట ఆపలేదు. "నాకూ వినపడింది," అంది. "నువ్వు ఇరవై చాలన్నదీ వినపడింది. రాతిపొడి మాత్రమేనా గోడ దాటేది."

ఆవిడ కాఫీ పెట్టింది. సున్నపు కాఫీ. ఇద్దరం తాగాం.

పప్పు నానబెట్టడం చూపించాను. ఎన్ని నీళ్ళు, ఎంత సేపు. అన్నీ ఆవిడకు తెలుసు. తెలియనట్టు వింది.

వచ్చేముందు బావి దగ్గరికి వెళ్ళాను. ఈ సగాన్ని ఇటునుంచి చూసి ఎన్నేళ్ళయిందో. గిలక తుప్పుపట్టి ఎర్రగా ఉంది. ఇంత కీచుమంటుంటే నూనె వేయరాదా, నీ చెవులకైనా విరామం ఉంటుంది అన్నాను.

"వేస్తే నువ్వు లెక్కపెట్టేదెట్ల?" అంది జానకి.

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అటు మా ఇల్లు. కాసేపటికి బావిలో చేద నీళ్ళలో మునిగిన చప్పుడు, తర్వాత పైకి వస్తూ గోడకు తగిలిన చప్పుడు. వసంతి తోడుతున్నట్టుంది. గిలక చప్పుడు లేదు. నేను ప్రతి శుక్రవారం వేసిన నూనె పని చేస్తోంది. ఇటునుంచి వింటే ఆ ఇంట్లో మనుషులే లేనట్టుంది. పదిహేడేళ్ళుగా ఆవిడకు ఇట్లాగే వినపడి ఉంటుంది.

రేపు మా గిలకను సీకాయ వేసి కడగాలి. కుళాయి ఉండగా చేద ఎందుకని వసంతి అడిగితే చేతులకు పని అని చెబుతాను. జిడ్డు పూర్తిగా వదలడానికి రెండు మూడుసార్లు కడగాల్సి రావచ్చు.